తిరుగు పళ్ళెము: కొత్తగా నేర్చే డీజేకు ఏది తగినది?

సూర్యాపేటలో గాని, కోదాడలో గాని, మిర్యాలగూడలో గాని "డీజే" అనగానే ఎవరికీ ఒక మనిషి గుర్తుకు రాడు, ఒక బండి గుర్తుకు వస్తుంది. పెండ్లి బరాతు ముందు మెల్లగా కదిలే వాహనము, దానిమీద ఎత్తుగా పేర్చిన సౌండు బాక్సులు, తిరిగే రంగుదీపాలు, వెనుక జనరేటరు, ఇవన్నీ కలిసి డీజే. "డీజే మాట్లాడినారా?" అని పెండ్లివారు ఒకరినొకరు అడిగితే బండి కుదిరిందా అని అర్థము. ఆ మాట పుట్టిన చోట దాని అర్థము వేరు. డిస్క్ జాకీ అంటే రౌతు గుర్రమును నడిపినట్టు రికార్డు పళ్ళెమును నడిపేవాడు. అక్కడ అది చేతిపని. ఇక్కడ అది అద్దెసామాను.

ఇది వట్టి మాటల ముచ్చటే అయితే భాషావేత్తలకు వదిలివేయవచ్చు. కాని దీనివల్ల కొత్తవారికి డబ్బు నష్టము కలుగుతున్నది. ఇంటరు చదివిన కుర్రవాడు పెండ్లిళ్ళ రోజులలో నాలుగు రూపాయలు సంపాదించవచ్చునన్న ఆశతో, ఇంటివారు వడ్డీకి తెచ్చిన సొమ్ముతో ఈ పనిలోకి దిగుతాడు. అతనికి రెండు దారులు కనబడతాయి. ఒకటి, ఉన్నదంతా ఆంప్లిఫయరుమీద, బాక్సులమీద పెట్టి, పాటలను సెల్‌ఫోను నుండి ఆడించడము. రెండవది, విదేశీ డీజేల చిత్రాలు చూసి ముచ్చటపడి, "బిగినర్ టర్న్‌టేబుల్" అన్న చీటి అంటించిన ఏదో ఒక రికార్డు ప్లేయరును తెప్పించుకోవడము. ఈ రెండూ పొరపాటే. ఎందుకు పొరపాటో తెలియడానికి ఆ పళ్ళెము చేసే పని ఏమిటో ముందు తెలియవలె.

ఈ ప్రాంతానికి తిరుగు పళ్ళెము కొత్తది కాదు. మన దేశములో రికార్డుల తయారీ 1908లో కలకత్తాలో మొదలై, 1928లో ఆ నగర శివారులోని డమ్‌డమ్‌కు మారింది. అక్కడ అచ్చయిన రికార్డులు పల్లెలకు చేరింది ముఖ్యముగా మైకుసెట్టు దుకాణాల ద్వారానే. పెండ్లిపందిరి పక్కన చెట్టుకు కట్టిన గరాటు లౌడుస్పీకరు, బల్లమీద రికార్డు ప్లేయరు, అట్టపెట్టెలో వరుసగా నిలిపిన రికార్డులు, ముల్లు ఎత్తి పెట్టడము తప్ప వేరే పనిలేని కుర్రవాడు - పెద్దలలో చాలామందికి ఈ దృశ్యము తెలిసినదే. 1980ల నాటికి కాసెట్టు వచ్చి ఆ పళ్ళెమును అటుకెక్కించింది. మైకుసెట్టు మనిషికి కావలసింది ఒక్క పళ్ళెమే. పాట ముగిసిన తరువాత నిశ్శబ్దము, ఆ తరువాత ఇంకొక పాట. ఆ మధ్యలో వచ్చే నిశ్శబ్దము ఎవరికీ బాధ కలిగించలేదు.

ఆ నిశ్శబ్దమును తొలగించడమే డీజే విద్య. జమైకాలో పుట్టి న్యూయార్కులో స్థిరపడిన కూల్ హెర్క్ అనే యువకుడు 1973 ఆగస్టు 11న బ్రాంక్స్ ప్రాంతములోని ఒక అద్దె ఇండ్ల భవనములో జరిపిన వినోదమును ఈ విద్యకు ఒక ఆరంభదినముగా చెప్పుకొంటారు. ఒకే రికార్డు ప్రతులను రెండు పళ్ళెములపై ఉంచి, తాళవాద్యము మాత్రమే మోగే భాగమును ఒకదాని తరువాత ఒకదానిపై ఆడిస్తూ దానిని ఎంతసేపైనా సాగదీయడము అతని పద్ధతి. నాట్యమాడేవారి అడుగు ఆగకూడదు. అడుగు ఆగకూడదంటే రెండవ పళ్ళెము మొదటిదానితో సరిగా కలిసి తిరగవలె. ఇక్కడే భౌతికశాస్త్రము ప్రవేశిస్తుంది.

పెద్ద రికార్డు నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది. ఒక చుట్టుకు 1.8 సెకండ్లు. ఒక పాటలో నిమిషానికి 120 దెబ్బలు పడుతున్నవని ఊహిస్తే, అర సెకండుకు ఒక దెబ్బ అన్నమాట. రెండవ పళ్ళెములోని పాట కూడా అదే లయ గలది. అయితే అది నూటికి అర వంతు మాత్రమే హెచ్చు వేగముతో తిరుగుతున్నది. ఒక్క నిమిషము గడిచేసరికి రెండు పాటల మధ్య 0.3 సెకండు ఎడము ఏర్పడుతుంది. అంటే సగము దెబ్బకన్న ఎక్కువ. డప్పు దళములో ఒక్కడు తప్పు వేస్తే ఊరంతా తిరిగి చూస్తుంది గదా! ఇక్కడ రెండు దళాలు రెండు దారులు పట్టినట్టు వినబడుతుంది. నూటికి అర వంతు అనేది కంటికి ఆనని తేడా, చెవికి మాత్రము దాగదు. కనుక డీజే పళ్ళెమును కొనేవాడు మొట్టమొదట చూడవలసిన గుణము వేగ స్థిరత్వము. రంగు, వెలుగు, పేరు ఆ తరువాతి సంగతులు.

పళ్ళెమును త్రిప్పే పద్ధతులలో ముఖ్యమైనవి రెండు. మిర్యాలగూడలో రైసుమిల్లు చూసిన విద్యార్థికి మొదటిదానిని వివరించనక్కరలేదు. మోటారు ఒకచోట, తిరగవలసిన చక్రము ఒకచోట, రెంటినీ కలుపుతూ బెల్టు. బరువు హఠాత్తుగా పెరిగితే బెల్టు జారుతుందని మిల్లు పనివారందరికీ తెలుసు. చవక రికార్డు ప్లేయరులో ఉండేది సన్నని రబ్బరు బెల్టు, చిన్న మోటారు. ఇంట్లో కూర్చుండి పాట వినేవారికి ఇందులో లోపమేమీ లేదు. మోటారు అదురు బెల్టులోనే అణగిపోయి ముల్లుదాకా చేరదు గనుక మేలు కూడా ఉన్నది. కాని డీజే చేయి పళ్ళెముపై ఉంటుంది. అతడు రికార్డును ఆపుతాడు, వెనక్కు త్రిప్పుతాడు, సరియైన దెబ్బ దగ్గర వదలుతాడు. వదలిన క్షణములో రికార్డు పూర్తి వేగమును అందుకోవలె. బెల్టు అప్పుడు జారుతుంది, సాగుతుంది, కొంతసేపు ఈడుస్తుంది. ఆ ఈడ్పులోనే లయ పోతుంది.

రెండవ పద్ధతిలో బెల్టు లేదు. మోటారు ఇరుసే పళ్ళెము ఇరుసు. జపానుకు చెందిన మత్సుషిటా సంస్థ టెక్నిక్స్ పేరుతో 1972లో తెచ్చిన ఎస్‌ఎల్-1200 ఈ జాతిది. నిజానికి అది ఇంట్లో సంగీతము వినేవారికోసము చేసిన యంత్రము. డీజేలే దానిని తమదిగా చేసుకొన్నారు. 1979 నాటి రెండవ రూపములో క్వార్ట్జ్ స్ఫటికపు స్పందనతో వేగమును సరిచూసుకొనే ఏర్పాటు చేర్చినారు. గడియారములో కాలమును కొలిచే స్ఫటికమే ఇక్కడ పళ్ళెమును అదుపు చేస్తుంది. నిలిచి ఉన్న పళ్ళెము 0.7 సెకండులో 33⅓ చుట్ల వేగమును అందుకొంటుంది. వేగములోని ఊగిసలాట నూటికి 0.025 వంతు. బయలుదేరే వేళ త్రిప్పుబలము 1.5 కిలోగ్రాము-సెంటీమీటర్లు. అనగా పళ్ళెము అంచున, కేంద్రమునుండి 15 సెంటీమీటర్ల దూరములో, 100 గ్రాముల బరువుతో లాగినంత. ఈ చివరి అంకె చూసి పెదవి విరవనక్కరలేదు. రికార్డుకు, పళ్ళెముకు నడుమ జారే గుడ్డ బిళ్ళ ఒకటి వేస్తారు. చేయి ఆపేది రికార్డును మాత్రమే, కింద పళ్ళెము తిరుగుతూనే ఉంటుంది. ఆ రాపిడిని ఎదుర్కొని వేగము చెడకుండా నిలవడానికి ఈ బలము చాలు.

పళ్ళెము బరువుగా ఉంటే మంచిదని అమ్మేవారు చెప్పేది సగమే నిజము. కుమ్మరి సారె బరువైనది గనుక ఒకసారి త్రిప్పితే చాలాసేపు నిలకడగా తిరుగుతుంది. కాని దానిని త్రిప్పడానికి కుమ్మరి కర్రతో ఎంత బలము వేయవలెనో చూసినవారికి తెలుసు. బరువు నిలకడనిస్తుంది, ఆరంభమును ఆలస్యము చేస్తుంది. బలహీనమైన మోటారుకు బరువైన పళ్ళెము తగిలించిన యంత్రము డీజేకు రెండు విధాలా చెడ్డది.

ఇక ధర. టెక్నిక్స్ యంత్రాల తయారీ 2010లో ఆగి 2016లో మళ్ళీ మొదలైంది. 2019లో వచ్చిన ఏడవ రూపము ఒక్కొక్కటి వెయ్యి అమెరికను డాలర్ల మాట. పళ్ళెములు రెండు కావలె, నడుమ మిక్సరు కావలె, రెండు ముల్లులు కావలె. కోదాడ కుర్రవాడికి ఇది ఆకాశపు పందిరి. కనుకనే పాత సరుకుపై చూపు పోతుంది. హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీలో వెదకడము ఒక మార్గము. అమెరికాలోని బంధువు తాను వాడి విడిచినదానిని పంపించడము ఇంకొకటి. ఈ రెండవ మార్గములో ఒక చిక్కు ఉన్నది. దానిని గురించి అమ్మేవారెవరూ చెప్పరు.

అమెరికాలో ఇండ్లకు వచ్చే విద్యుత్తు 120 వోల్టులు, సెకండుకు 60 ఆవృత్తులు. ఇక్కడ 230 వోల్టులు, 50 ఆవృత్తులు. వోల్టుల తేడాను ట్రాన్స్‌ఫార్మరు సరిచేస్తుంది గనుక అంతటితో పని అయిపోయిందని అనుకొంటారు. ట్రాన్స్‌ఫార్మరు ఆవృత్తిని మార్చదు. పాత బెల్టు యంత్రాలలో చాలావాటి మోటారు విద్యుత్తు ఆవృత్తిని అనుసరించి తిరిగే జాతిది. అటువంటిది ఇక్కడ ఆరింట ఐదు వంతుల వేగముతో తిరుగుతుంది. 33⅓ చుట్లకు బదులు దాదాపు 27.8 చుట్లు వస్తాయి. పాట ఈడ్చుకొనిపోవడమే గాక శ్రుతి మూడు అరస్వరాలకు పైగా దిగిపోతుంది. గాయని గొంతు మగగొంతులా వినబడుతుంది. స్ఫటికముతో వేగమును అదుపు చేసే యంత్రాలకు ఈ జబ్బు లేదు. వాటికి వోల్టులు సరిచూస్తే చాలు.

పాత యంత్రము బాగున్నదో లేదో అంగడిలోనే తేల్చుకోవచ్చు. అందుకు ఒక కాగితపు ముక్క, చేతి గడియారము చాలు. 33⅓ను మూడుతో హెచ్చిస్తే సరిగా నూరు. రికార్డు అంచున కాగితము అంటించి మూడు నిమిషాలలో ఎన్ని చుట్లు వస్తున్నవో లెక్కపెట్టవలె. నూరు వస్తే వేగము సరియైనది. తొంభైతొమ్మిది వస్తే నూటికి ఒకటి తక్కువ. ముల్లును రికార్డుపై దించి ఒకసారి, ఎత్తి ఒకసారి లెక్కించడము మరీ మంచిది. రెంటికీ తేడా ఉంటే మోటారులో సత్తువ లేదన్నమాట. కొన్ని పళ్ళెముల అంచున చుక్కలు ఉంటాయి. 50 ఆవృత్తుల విద్యుత్తుతో వెలిగే దీపము సెకండుకు నూరుసార్లు మినుకుతుంది. 180 చుక్కల వరుస ఆ వెలుగులో కదలకుండా నిలిచినట్టు కనబడితే వేగము 33⅓. అమెరికా విద్యుత్తుకు చేసిన వరుసలో 216 చుక్కలుంటాయి. ఇక్కడి దీపము కింద దానిని చూసి వేగము సరిచేసినవాడు తప్పు వేగమునే స్థిరపరుస్తాడు. మంచి ఎల్‌ఇడి దీపాలు మినకవు గనుక వాటి కింద ఈ పరీక్షే సాగదు. పాత చోక్ ట్యూబులైటు ఇందుకు పనికివస్తుంది.

ఇంత చెప్పిన తరువాత, మంచి పళ్ళెము దొరికినా కొనవచ్చునా అన్న ప్రశ్న మిగిలే ఉన్నది. ముల్లు సంగతి చూడవలె. వెనక్కు, ముందుకు త్రిప్పినప్పుడు గాడి తప్పకుండా నిలవడానికి డీజే ముల్లును రికార్డుపై మూడు గ్రాముల చుట్టుపట్ల బరువుతో ఆన్చుతారు. ఆ బరువును సరిచేసే ప్రతిభారము పెట్టె ఆకారపు చవక ప్లేయర్లలో ఉండదు. వాటిపై రికార్డును వెనక్కు త్రిప్పితే ముల్లు, గాడి రెండూ చెడతాయి. ఆ ముల్లునుండి వచ్చే సంకేతము కొన్ని మిల్లీవోల్టులే. పైగా రికార్డు చెక్కేటప్పుడు మంద్రధ్వనులను తగ్గించి, తీవ్రధ్వనులను పెంచి చెక్కుతారు. ఆ మార్పును తిరిగి సరిచేసే ఫోనో భాగము ఆంప్లిఫయరులో గాని మిక్సరులో గాని ఉండవలె. లేకపోతే పాట నీళ్ళు కలిపిన చల్లలా వినబడుతుంది. విడిభాగాల మాట అలా ఉంచినా, ఆడించడానికి రికార్డులు ఏవి? సూర్యాపేట బరాతులో అడిగేవి నిన్న మొన్న వచ్చిన సినిమా పాటలు, తీన్మారు దెబ్బకు కట్టిన జానపద రీమిక్సులు. అవి నల్ల పళ్ళెములపై రావు. కాలసంకేతము చెక్కిన ప్రత్యేక రికార్డులతో కంప్యూటరులోని పాటను నడిపే ఏర్పాటు ఉన్నది గాని, అప్పుడు పళ్ళెముల ఖర్చుకు కంప్యూటరు ఖర్చు తోడవుతుంది.

"పళ్ళెముతో మొదలుపెట్టనివాడు డీజే కాడు" అనే మాట విదేశాలలో పుట్టింది. పాత రికార్డులు చవకగా దొరికే నగరాలలో దానికి అర్థముండవచ్చు. ఇక్కడికి దిగుమతి అయిన ఆ మాటలో శాస్త్రముకన్న డాబు హెచ్చు.

తగినది కంట్రోలరు. రెండు చిన్న చక్రాలు, నడుమ మిక్సరు ఉన్న పలక ఇది. లాప్‌టాపుకు తగిలిస్తారు, కొన్నింటిని ఫోనుకు కూడా. పది వేలనుండి ఇరవై వేల రూపాయల లోపల ప్రారంభపు రకాలు దొరుకుతాయి. చక్రములో మోటారు ఉండదు. చేయి ఎటు, ఎంత త్రిప్పినదో కొలిచి కంప్యూటరుకు చెప్పడమే దాని పని. వేగ స్థిరత్వమును కంప్యూటరు గడియారము చూసుకొంటుంది గనుక పైన చెప్పిన చిక్కులలో చాలావరకు లేవు. అయితే కొత్త చిక్కు ఒకటి ఉన్నది, ఆలస్యము. కంప్యూటరు ధ్వనిని చిన్న చిన్న మూటలుగా పంపుతుంది. సెకండుకు 44,100 నమూనాల లెక్కన 256 నమూనాల మూటకు దాదాపు 6 మిల్లీసెకండ్లు, 1,024 నమూనాల మూటకు 23 మిల్లీసెకండ్లు పడుతుంది. పాత లాప్‌టాపు చిన్న మూటలను అందించలేక మధ్యలో చిటపటలాడుతుంది, పెద్ద మూట పెడితే చేతికి, చెవికి పొంతన తప్పుతుంది. కొనేముందు తన లాప్‌టాపుతోనే పరీక్షించి చూసుకోవలెనని చెప్పేది ఇందుకే.

కంట్రోలరులో చూడవలసిన గుణాలలో ఒకటి తప్పనిసరి. సభకు వినిపించే పాట వేరు, హెడ్‌ఫోనులో డీజే ముందుగా వినే రెండవ పాట వేరు. ఈ రెంటికీ వేరు వేరు ధ్వనిమార్గాలు కంట్రోలరులోనే ఉండవలె. బాగా చవక రకాలలో ఈ భాగము ఉండదు. అది లేనిది ఆటబొమ్మ. వేగము మార్చే జారుమీట పొడవుగా ఉండడము రెండవ గుణము. 96 దెబ్బల పాటను 100 దెబ్బల పాటతో కలపడానికి వేగమును నూటికి 4.17 వంతులు పెంచవలె. రెండంగుళాల మీటపై అంత సూక్ష్మముగా నిలపడము కష్టము. నూటికి దాదాపు 6 వంతులు పెంచితే శ్రుతి ఒక అరస్వరము ఎక్కుతుంది. పళ్ళెములో ఇది తప్పదు, కంప్యూటరులో శ్రుతి మారకుండా నిలిపే మీట ఉన్నది. సంగీత ఉపాధ్యాయులు ఈ రెంటినీ పక్కపక్కన వినిపించి చూపవచ్చు.

కంట్రోలరును పొగిడేవారు "సింక్" మీటను చూపిస్తారు. నొక్కగానే రెండు పాటల లయ దానంతటదే కలుస్తుంది. ఈ మీటను నమ్ముకొన్నవాడు దెబ్బతినేది సరిగా ఈ ప్రాంతపు పాటల దగ్గరే. యంత్రముపై కట్టిన పాటలో దెబ్బలు సమాన దూరాలలో పడతాయి, అక్కడ మీట పనిచేస్తుంది. మనుషులు నిజముగా డప్పు కొట్టి పాడిన జానపద గీతము, వాద్యబృందముతో రికార్డు చేసిన పాత సినిమా పాట అలా ఉండవు. ఉత్సాహము పెరిగేకొద్దీ లయ కొంచెము ముందుకు ఉరుకుతుంది. కంప్యూటరు గీసుకొన్న సమాన గీతలు ఆ దెబ్బలమీద పడవు. అప్పుడు చేయి చక్రముపై ఉండవలె, చెవి హెడ్‌ఫోనులో ఉండవలె. అందుచేత నేర్చుకొనే మొదటి నెలలలో సింక్ మీటను ముట్టకుండా రెండు డప్పు పాటలను చెవితో కలపడము అభ్యసించినవాడే తరువాత దానిని తెలివిగా వాడగలడు. పళ్ళెము నేర్పే విద్య యావత్తు ఇదే, అది కంట్రోలరుపైన కూడా దొరుకుతుంది.

మొదటి పొరపాటు, అనగా బాక్సుల సంగతి. వెయ్యి వాట్ల ఆంప్లిఫయరును రెండు వేల వాట్లు చేస్తే ధ్వని రెండింతలు అవుతుందని నమ్మి అప్పు చేస్తారు. పెరిగేది 3 డెసిబెల్లు మాత్రమే. చెవికి అది కొంచెము హెచ్చినట్టు తోస్తుంది, అంతే. విన్నవారికి రెండింతలుగా తోచడానికి పదింతల శక్తి కావలె. 2000 సంవత్సరపు ధ్వని కాలుష్య నియమాల ప్రకారము నివాస ప్రాంతములో పగలు 55, రాత్రి 45 డెసిబెల్లు హద్దు. రాత్రి పది నుండి ఉదయము ఆరు వరకు బయట లౌడుస్పీకరు కూడదు. 2024 అక్టోబరులో హైదరాబాదు పోలీసులు మతపరమైన ఊరేగింపులలో డీజే సామానును నిషేధించినారు. వినోదశాలలలో పావుగంట సగటు 100 డెసిబెల్లు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించింది. బండి పక్కన నిలిచి రాత్రంతా పనిచేసే కుర్రవాడే ఆ ధ్వనికి అందరికన్న దగ్గర. వేల రూపాయల కంట్రోలరు చెడిపోతే మరొకటి వస్తుంది. లయ కలపవలసిన చెవిలోని సన్నని రోమకణాలు చచ్చిపోతే తిరిగి మొలవవు. బాక్సులను పని దొరికిన రోజున అద్దెకు తెచ్చుకోవచ్చు. చెవులను పూర్తిగా కప్పే మంచి హెడ్‌ఫోనును మాత్రము మొదటి రోజునే కొనవలె. బయటి మోత లోపలికి రాకపోతే లోపలి ధ్వనిని తగ్గించి వినవచ్చు.

ఇంటి అటుకుమీద తాతలనాటి మైకుసెట్టు ప్లేయరు ఉంటే అది డీజేకు పనికిరాదు గాని బడికి పనికివస్తుంది. పళ్ళెముపై నున్నని అట్ట పరచి, కేంద్రమునుండి 10 సెంటీమీటర్ల దూరములో ఒక రూపాయి బిళ్ళ పెట్టి 33⅓ చుట్ల వేగముతో త్రిప్పితే బిళ్ళ కదలకుండా తిరుగుతుంది. అదే దూరములో 78 చుట్ల వేగమునకు మార్చితే బిళ్ళను నిలపడానికి ఐదున్నర రెట్ల రాపిడి కావలె, అట్ట దానిని ఇవ్వలేదు. బిళ్ళ ఎటు ఎగిరిపోతుందో ముందుగా నల్లబల్లపై గీసి చూపమని విద్యార్థులను అడిగి, ఆ తరువాత మీట మార్చవలె.